అచ్చు కార్డులకు డిజైన్లు ఎక్కడ వెతకాలి?

కాగితంపడవ:
చేత్తో అచ్చువేసే గ్రీటింగ్ కార్డులకు ఎప్పుడూ నెట్‌లో చూసిన పూలే వస్తున్నాయి. హైదరాబాద్‌లో చుట్టూ కనిపించేవాటి నుంచి ఏం తీసుకోవచ్చు? ఆకు అచ్చు వేస్తే మచ్చలా పడుతోంది, ఎందుకని?

వేపరెమ్మ:
ఆకు పైవైపు రంగు పూస్తున్నట్టున్నారు. ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది అడుగువైపు, రంగు అక్కడ పూయాలి. మొదలుపెట్టడానికి రావి ఆకు మంచిది. పాత పుస్తకంలో ఒక రాత్రి నొక్కి ఉంచితే చదునవుతుంది. మరీ ఎండితే పెళుసై విరుగుతుంది. పోస్టర్ కలర్‌లో నీళ్లు కలపకండి. స్పాంజితో పల్చగా అద్ది, పైన కాగితం వేసి బొటనవేలితో మధ్య నుంచి అంచులకు నొక్కండి. మొదటి అచ్చు చిత్తుకాగితం మీదే. గునుగు కంకులు మాత్రం రంగు పీల్చి ముద్దవుతాయి, వాటిని చూసి రబ్బరు ముక్క మీద గీసి స్టాంపుగా చెక్కుకోవడమే.

సగంగీత:
వంటింట్లో బెండకాయ ఉండగా పూల స్టాంపు కొనడం దండగ! అడ్డంగా కోస్తే ఐదు రేకులు. కోసినవైపు బట్ట మీద పది నిమిషాలు బోర్లించాలి, లేదంటే జిగురు రంగులో కలిసి అచ్చు అలుక్కుపోతుంది.

కట్టడాలంటారా, కుతుబ్‌షాహీ సమాధుల గచ్చు నగిషీలు చూడండి. గోడంతా కాదు, ఒక్క పువ్వు చాలు. రబ్బరు చెక్కేటప్పుడు ఉబ్బెత్తుగా మిగిలే గీత వెడల్పు మిల్లీమీటరుకు తగ్గకూడదు. కింద వెడల్పు మిగిలేలా కత్తి వాల్చి కోయాలి. గీత అడుగున తొలిస్తే ఆధారం పోయి, నొక్కగానే తెగుతుంది. అక్షరాలైతే ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్‌తో రాసి, రబ్బరు మీద బోర్లించి రుద్దండి, తిరగేయడం దానంతటదే అయిపోతుంది.

కాగితంపడవ:
కార్డు మందం?

వేపరెమ్మ:
250 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం 250 గ్రాములు తూగేది. ఏ4 సగానికి కోసి మడిస్తే 105 × 148 మిల్లీమీటర్లు. నిగనిగలాడే కాగితం వద్దు, ఇంకు త్వరగా ఆరదు.