పీఎఫ్ సొమ్మును ‘బకాయి’ అనవచ్చా?

కంపెనీ దివాలా తీసిందన్న వార్తల్లో ‘పన్ను బకాయిలు, పీఎఫ్ బకాయిలు’ అని రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు చదివినప్పటి నుంచి ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

రెండూ ఓడలు కట్టే ఏబీజీ షిప్‌యార్డ్ దివాలా గురించినవే. ఉద్యోగుల పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల్లోని సొమ్ము, లిక్విడేటర్ (దివాలా కంపెనీ ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే అధికారి) అమ్మి పంచే ఆస్తిలోకి రాదని ఏప్రిల్ 19న చెప్పారు. 2016 దివాలా చట్టం 36(4) సెక్షన్ దాన్ని ముందే విడిగా తీసిపెట్టింది. ఆగస్టు 26 నాటి తీర్పు కస్టమ్స్ సుంకం మీద. శాఖవారు సుంకం ఎంతో లెక్క కట్టుకోవచ్చు గానీ, గోదాములోని సరుకు పట్టుకుపోయి వసూలు చేసుకోవడానికి వీల్లేదు, లిక్విడేటర్ దగ్గర క్లెయిమ్ పెట్టుకోవాల్సిందే.  అమ్మగా వచ్చిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అని అదే చట్టం 53వ సెక్షన్ పెట్టిన వరుసలో ప్రభుత్వ బాకీలు కార్మికుల వేతనాలకు వెనకే. పీఎఫ్ నిధి అసలు ఆ వరుసలోనే లేదు.

‘బకాయి’ అరబ్బీ నుంచి వచ్చింది. మిగిలిపోయినది, ఇంకా తీర్చనిది అని. పన్నుకు చక్కగా సరిపోతుంది. పీఎఫ్‌కు దగ్గరి మాట మన పాత తెలుగులో ఉంది: ఇల్లడ. దాచిపెట్టమని ఒకరి చేతికిచ్చిన సొత్తు. సంస్కృతంలో నిక్షేపం. ‘నిక్షేపంగా ఉన్నాం’ అన్నప్పుడు ఆ భరోసాయే వినిపిస్తుంది.

మా నాన్నగారి జీతం చీటీ ఒకటి రేషన్ కార్డు కవరులో ఇంకా ఉంది. ‘కటింగులు’ అన్న గడిలో మొదటి వరుస పీఎఫ్. మిల్లు మూతపడ్డాక ఆఫీసుల చుట్టూ తిరిగినన్నాళ్లూ ఆయన ‘నాకు రావాల్సింది’ అనలేదు. ‘నా డబ్బు’ అనేవారు.

జీతంలో కోసి కూడా యాజమాన్యం జమ చేయకపోతే అది బకాయే కదా అని ఒక మిత్రులు అడిగారు. నిజమే, అది యాజమాన్యం నిధికి పడ్డ బకాయి. దివాలా తీసిన విమాన సంస్థ జెట్ ఎయిర్‌వేస్ విషయంలో కట్టని పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని కంపెనీ కేసుల అప్పిలేట్ ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్ఏటీ) 2022 అక్టోబరులో చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అలాంటప్పుడు ‘జమ చేయని పీఎఫ్’ అని రాద్దాం, తప్పు ఎవరిదో కూడా తెలుస్తుంది.

‘ఇల్లడ’ మీ వైపు ఇంకా ఎవరైనా వాడుతుంటే, ఏ సందర్భంలో అంటారో చెప్పండి.