కొత్త షిఫ్ట్ ఇన్‌ఛార్జికి మెంటర్ ఎవరు? సొంత సెక్షన్ సీనియరా, బయటివాళ్లా?

సి_షిఫ్ట్: పరవాడ ఫార్మాసిటీలో మొన్నటిదాకా ఆపరేటర్‌ని, ఈ నెల నుంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. ఆరు నెలలు మెంటర్‌ని ఇస్తారట. ఎవరు కావాలో నన్నే చెప్పమన్నారు.

పాత_ఫోర్‌మన్: సొంత సెక్షన్ సీనియరే. ఇంకో మాట లేదు. బ్యాచ్ మధ్యలో, డ్యూటీ అందుకోవాల్సిన రిలీవర్ రాలేదనుకో, ఎవరిని ఆపాలి? ఎవరు నిన్న డబుల్ షిఫ్ట్ చేసి అలిసిపోయారు, ఎవరికి ఇంట్లో ఇబ్బంది? వేరే ప్లాంటు వాడికేం తెలుసు?

గాజువాక_గీత: తెలియకపోవడమే మంచిది. కుర్రాడు వాల్వ్ దగ్గర తడబడితే కొత్త ఇన్‌ఛార్జి తనే వెళ్లి తిప్పేస్తాడు. పక్కన పాత సీనియర్ ఉంటే ఆయనా తిప్పుతాడు. బయటి మనిషైతే 'వాడికి ఎలా చెప్పావు, మళ్లీ ఎప్పుడు చూశావు' అనే అడుగుతారు.

ఆటోనగర్_లేతు: తమ్ముడూ, ముందు ఓటీ (అదనపు గంటల డబ్బు) సంగతి తేల్చుకో. చట్టం లెక్కలో ఇంకా కార్మికుడివేనా అన్నదీ చూసుకో. పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో నెల జీతం 10,000 దాటిన సూపర్‌వైజర్ కార్మికుడు కాదనేవారు. దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఆ పరిమితి 18,000.

సముద్రగాలి: ఆయన అడిగింది అది కాదండీ.

ఆటోనగర్_లేతు: అడక్కపోయినా చెప్తా. కోర్టులు హోదా పేరు కాదు, ప్రధానంగా చేసే పని చూస్తాయి. రోజూ వాల్వులు తిప్పితే అది రాసిపెట్టుకో.

పాత_ఫోర్‌మన్: గీత గారివన్నీ ట్రైనింగ్ క్లాసు మాటలు. నేను పని నేర్పినవాడే ఇప్పుడు నా అప్రైజల్ (ఏడాది పనితీరు రిపోర్టు) రాస్తున్నాడు.

గాజువాక_గీత: అదీ సంగతి! ప్రమోషన్ రాని కడుపుమంట ఇక్కడ తీర్చుకుంటున్నారా?

పాత_ఫోర్‌మన్: అవునమ్మా, రాలేదు. డిప్లొమా లేదన్నారు. నేర్పడానికి మాత్రం అక్కర్లేదట! ఇన్నేళ్లూ ఊరికే చేయించుకున్నారు. ఒక్క ఆర్డర్‌లోనూ నా పేరు లేదు.

గాజువాక_గీత: కోపంలో అన్నాను, ఏమీ అనుకోకండి. నా మెంటర్ మా మేనేజరే. హెల్పర్లు మాట వినట్లేదని ఆయనకి చెప్పుకున్నా. ఏడాది చివర అదే నా అప్రైజల్లో 'టీమ్‌ని అదుపు చేయలేరు' అని తేలింది. అందుకే బయటివాళ్లు అంటున్నా.

సి_షిఫ్ట్: నాకిచ్చిన కాగితంలో, ఆరు నెలల చివర మెంటర్ రిపోర్టు ఇవ్వాలని ఉంది. దాని ప్రకారమే కన్ఫర్మేషన్.

గాజువాక_గీత: ముందు ఆ లైను తీయించు. లేకపోతే ఎవరిని పెట్టుకున్నా నోరు విప్పలేవు.

పాత_ఫోర్‌మన్: ఎందుకు తీయాలి? ఆ సంతకం కూడా లేకపోతే నేర్పింది నేనని ఎవరికి తెలుస్తుంది?

గాజువాక_గీత: మీ సంతకం కోసం వాడు ఆరు నెలలు నోరు మూసుకోవాలా?

సి_షిఫ్ట్: సోమవారం హెచ్‌ఆర్‌ని అడుగుతాను.

ఆటోనగర్_లేతు: ఓటీ కూడా అడుగు.