అప్‌డేట్: లైవ్ క్లాసులో వీడియో కంటే ముందే మారిపోతున్న స్లైడ్లు

విజయనగరం నుంచి ఇస్తున్న లైవ్ క్లాసులో మేష్టారు చెప్పకముందే పిల్లల ఫోన్లలో స్లైడ్ మారిపోతోందని అడిగాను కదా, ఇప్పుడు సరిగ్గా నడుస్తోంది.

స్లైడ్ నంబరు వెబ్‌సాకెట్‌లో (సర్వర్‌కీ ఫోన్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) క్షణంలో చేరిపోతుంది. హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోని చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) వీడియో మాత్రం 6 సెకన్ల ముక్కలైతే మూడు ముక్కలు వెనక, అంటే సుమారు 18 సెకన్లు ఆలస్యంగా నడుస్తుంది. అలాగని స్లైడ్‌ని కూడా 18 సెకన్లు ఆపితే కుదరదు. సిగ్నల్ తగ్గి వీడియో ఆగిన ఫోన్‌లో ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

పనిచేసింది ఇదీ: వీడియోని ముక్కలు చేసే ప్రోగ్రాము ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో హెచ్‌ఎల్‌ఎస్ ఫ్లాగ్స్‌ (సెట్టింగు) కి 'ప్రోగ్రామ్_డేట్_టైమ్' ఇస్తే ప్లేలిస్టులో (ముక్కల జాబితాలో) అసలు గడియారం టైము పడుతుంది. స్లైడ్ మార్చిన టైముని నంబరుతో పాటు పంపాలి. బ్రౌజర్‌లో వీడియోని ఆడించే లైబ్రరీ హెచ్‌ఎల్‌ఎస్ డాట్ జేఎస్ ఇచ్చే 'ప్లేయింగ్‌డేట్' (ఇప్పుడు కనిపిస్తున్న దృశ్యం గడియారం టైము) ఆ టైము దాటాకే స్లైడ్ చూపించాలి. మేష్టారి ల్యాప్‌టాప్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడిచే సర్వర్, రెండింటి గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్ ద్వారా గడియారాలు సరిచేసే పద్ధతి) కలిసి ఉండాలి. లేకపోతే ఇదంతా వృథా. అప్పటికీ కాస్త తేడా మిగులుతుంది, వీడియో సర్వర్‌కి చేరడానికి పట్టే సమయమది. దాన్ని ఒక స్థిర సంఖ్యగా సర్దేయొచ్చు.

రికార్డింగుకి వెబ్‌వీటీటీ (సబ్‌టైటిళ్లకి వాడే ఫైలు రకం) మెటాడేటా ట్రాకే మేలు, ఏ టైముకి ఏ స్లైడో అందులో క్యూలుగా రాస్తాం. వీడియో వెనక్కి జరిపినా, క్యూ మారినప్పుడు బ్రౌజర్ పంపే 'క్యూచేంజ్' సరైన స్లైడే ఇస్తుంది. ట్రాక్ మోడ్ 'హిడెన్' పెట్టండి, 'డిసేబుల్డ్'లో ఉంటే క్యూలు అసలు రావు. ఆ ఫైలులో టైము రాసేటప్పుడు మిల్లీసెకన్ల ముందు కామా కాదు, చుక్క పెట్టాలి.