సీ కార్డ్ పలకదు, ఎఫ్ కార్డ్ పట్టు చిక్కదు: లోపం వేళ్లదా, గిటార్‌దా?

ప్రశ్న (నాగోలు నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు ముప్ఫై నాలుగేళ్లు. నాగోలు నుంచి రాయదుర్గానికి మెట్రోలో రోజూ ఉద్యోగానికి వెళ్లివచ్చే వాడిని కనుక, రాత్రి తొమ్మిది దాటాక ఓ అరగంట మాత్రమే సాధనకు దొరుకుతుంది. రెండు నెలల క్రితం, మే నెల ఎండల్లో, నగరంలోని ఒక దుకాణంలో స్టీలు తీగల గిటార్ కొన్నాను. కొన్ని స్వరాలను ఒకేసారి మోగించే పట్టులైన కార్డ్‌లలో ఈ మైనర్ (Em), ఏ మైనర్ (Am), డీ (D) కార్డ్‌లు ఓ మోస్తరుగా పలుకుతున్నాయి. సీ పట్టినప్పుడు మాత్రం ఒకటో తీగ మూగబోతోంది, ఐదో తీగ జరజరమంటోంది. ఇక ఎఫ్ పట్టబోతే మణికట్టు లాగడం తప్ప శబ్దమే రావడం లేదు. కొన్న చోట అడిగితే, వేళ్లు కాయలు కాస్తే అంతా సర్దుకుంటుందన్నారు. కాయలు కాచాయి కానీ ఏదీ సర్దుకోలేదు.

మరొక సందేహం. మా అమ్మగారు లలిత గీతాలు పాడతారు. ఆమెది ఐదున్నర శ్రుతి. దసరాకు ఇంట్లో బొమ్మల కొలువు పెట్టినప్పుడు ఆమె పాటకు నేను గిటార్ వాయించాలని కోరిక. చూపుడువేలితో తీగలన్నీ అదిమే బార్ కార్డ్‌లు రాకుండానే ఆ శ్రుతిలో వాయించే మార్గం ఏమైనా ఉందా?

సమాధానం (తార్నాక నుంచి)

మీ వేళ్లను నిందించే ముందు గిటార్‌ను పరీక్షించండి. ఈఎమ్‌ఐ కట్టి కొన్న గిటార్ మూడో నెలకల్లా అటక మీదికి చేరడం నేను మా బంధువుల ఇళ్లలోనే నాలుగైదు సార్లు చూశాను. వాటిలో సగం వాద్యాలను సరిగ్గా అమర్చనే లేదు.

మొదటి పరీక్షకు కాపో, అంటే తీగలన్నింటినీ ఒకేచోట అదిమి ఉంచే బిగింపు, చాలు. దాన్ని రెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర బిగించి, అక్కడి నుంచి ఫ్రెట్లు లెక్కపెట్టి అదే సీ ఆకారం పట్టండి. ఇంతవరకు పలకని కార్డ్ అక్కడ స్పష్టంగా పలికితే, లోపం మీ చేతిలో కంటే నట్‌లో ఉండే అవకాశం ఎక్కువ. నట్ అంటే మెడ పైభాగాన, తీగలు కూర్చునే గాళ్లున్న తెల్లని పట్టీ. ఆ గాళ్లు తగినంత లోతు లేకపోతే ఒకటో ఫ్రెట్ దగ్గర తీగలు మరీ ఎత్తులో ఉండి, సీ, ఎఫ్ వంటి కార్డ్‌లకు అవసరానికి మించిన బలం కావలసివస్తుంది. కాపో పెట్టినప్పుడు తీగ నట్‌తో సంబంధం లేకుండా ఫ్రెట్ మీదే ఆనుతుంది కనుక తేడా వెంటనే తెలిసిపోతుంది.

రెండో పరీక్ష కూడా చెబుతాను. ఏదైనా ఒక తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఒకటో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య సందు చూడండి. అది కాగితం మందాన, కనీకనిపించనట్టు ఉండాలి. ఆ తరువాత పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ అడుగు నుంచి ఫ్రెట్ పైభాగం వరకు ఎత్తు కొలవండి. రెండున్నర మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే మంచిది. జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలుకు సున్నాకు ముందు కొంత ఖాళీ ఉంటుంది. దానితో కొలిస్తే లెక్క తప్పుతుంది కనుక అంచు నుంచే గీతలు మొదలయ్యే స్టీలు స్కేలు వాడండి. తీగల లెక్కలో సన్ననిది ఒకటోది, అన్నింటికన్నా లావైనది ఆరోది.

అడిగినవారు

కాపో పెట్టగానే సీ కార్డ్ గంటలా మోగింది! నమ్మలేక మూడు సార్లు తీసి పెట్టాను. మూడో ఫ్రెట్ నొక్కి చూస్తే ఒకటో ఫ్రెట్ సందులో విజిటింగ్ కార్డు సులువుగా దూరింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు మూడున్నర మిల్లీమీటర్లు ఉంది. కొన్న కొత్తలో ఇంత ఎత్తు లేదేమోనని కూడా అనుమానంగా ఉంది. ఇప్పుడు గాళ్లను నేనే ఆకురాయితో రాయవచ్చునా?

సమాధానం (తార్నాక నుంచి)

దయచేసి ఆ పని చేయకండి. గాడి వెంట్రుకవాసి ఎక్కువ లోతు దిగినా, వేలు పెట్టకుండా మీటిన తీగ కూడా ఒకటో ఫ్రెట్‌కు తగిలి జరజరమంటుంది. అప్పుడు నట్ మొత్తం మార్చవలసి రావచ్చు. గిటార్‌లు బాగుచేసే పనివారు ఒక్కో తీగ మందానికి ఒక్కో ఆకురాయి ఉంచుకుంటారు. “నట్ గాళ్లు సరిచూసి, శాడిల్ ఎత్తు తగ్గించండి” అని స్పష్టంగా చెప్పి వారికే అప్పగించండి. శాడిల్ అంటే కింది కొసన, పైపలకకు అతికించిన బ్రిడ్జ్ అనే చెక్కలో తీగలు ఆనే పట్టీ. అదే సమయంలో తీగలు కూడా మార్పించుకోండి. మీ గిటార్‌కు వేసినవి ఒకటో తీగ పన్నెండు గేజ్ (తీగ మందం కొలత) ఉన్న సెట్ అయితే, పది గేజ్ సెట్‌కు మారినప్పుడు బిగువు బాగా తగ్గి వేళ్లకు సుఖంగా ఉంటుంది. నాదం కొంత పలచబడుతుంది కానీ నేర్చుకునే రోజుల్లో అది పెద్ద నష్టం కాదు. ఇది చదివే ఇతరులకు ఒక హెచ్చరిక: నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు స్టీలు తీగలు ఎన్నడూ వేయకండి, ఆ బిగువుకు బ్రిడ్జ్ లేచిపోతుంది.

ఎత్తు విషయంలో మీ అనుమానం నిజమే కావచ్చు. మన నగరంలో మే నెల గాలి పొడిగా ఉండి చెక్క తేమ కోల్పోతుంది. ఆషాఢంలో బోనాల చినుకులు మొదలయ్యాక అదే చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, పైపలక కొద్దిగా పొంగి తీగలను పైకెత్తుతుంది. ప్లైవుడ్ పలకలో ఈ మార్పు తక్కువగాను, ఒకే చెక్కతో చేసిన పలకలో ఎక్కువగాను కనిపిస్తుంది. వాద్యాన్ని గోడకు వేలాడదీయకుండా సంచిలోనే ఉంచండి. వేసవిలో కూలరు ఎదుట గానీ, ఎండలో నిలిపిన కారులో గానీ అసలే ఉంచకండి.

సమాధానం (బోడుప్పల్ నుంచి, పిల్లలకు గిటార్ నేర్పేవారు)

వాద్యం సంగతి తేలింది కనుక చేతి సంగతి చెబుతాను. సీ కార్డ్‌లో ఒకటో తీగ మూగబోవడానికి కారణం చాలామందిలో ఒక్కటే: రెండో తీగ మీదున్న చూపుడువేలు నిటారుగా దిగకుండా, పక్కకు వాలి ఒకటో తీగను తాకుతుంది. ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించి, బొటనవేలిని మెడ వెనుక మధ్యకు దించి, వేలి కొసతోనే నొక్కండి. ఐదో తీగ జరజరమనడానికి కారణం, ఉంగరపు వేలు మూడో ఫ్రెట్ లోహపు కమ్మీకి దూరంగా పడడం. కమ్మీ మీద కాకుండా, దానికి ఆనుకుని వెనుకవైపు నొక్కితే సగం బలం చాలు.

ఎంత బలం కావాలో కనిపెట్టడానికి నేను పిల్లలతో ఒక పని చేయిస్తాను. తీగ మీద వేలు ఊరికే ఆనించి, కుడిచేత్తో మీటుతూ ఉండమంటాను. మొదట టక్కుమనే మొద్దు శబ్దం వస్తుంది. నొక్కుడు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే జరజర వినిపిస్తుంది, మరికొంచెం నొక్కగానే స్వరం తేటపడుతుంది. అక్కడే ఆగాలి. మీరు ఇప్పటిదాకా దానికి రెండింతలు నొక్కుతూ ఉండి ఉంటారు, మణికట్టు నొప్పికి అదే మూలం. వేలికొసలు కొన్ని వారాలపాటు మండడం మామూలే. మణికట్టులో, ముంజేతిలో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకు ఆపేయండి.

అసలు కష్టం కార్డ్ పట్టడంలో కంటే మారడంలో ఉంటుంది. ఏ మైనర్ నుంచి సీకి వెళ్లేటప్పుడు గమనించండి. చూపుడువేలు, మధ్యవేలు ఉన్నచోటనే ఉంటాయి, ఉంగరపు వేలు ఒక్కటే మూడో తీగ వదిలి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కు వెళుతుంది. చాలామంది మూడు వేళ్లూ గాలిలోకి లేపి మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంటారు. గడియారం ఎదుట పెట్టుకుని ఒక్క నిమిషంలో ఎన్నిసార్లు ఇటూ అటూ మారగలిగారో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. మొదటిరోజు ఇరవై వచ్చినా చాలు, అరవైకి చేరాక పాటలో చెయ్యి తడబడదు. ఈ సాధనకు కుడిచేతి మీటు అవసరమే లేదు కనుక రాత్రి పూట పక్క ఫ్లాటువారికీ ఇబ్బంది ఉండదు. మెట్రోలో కూర్చునే చోటు దొరికితే ఎడమచేతి వేళ్లను లంచ్ బాక్సు మీద ఆ ఆకారాల్లో దింపి లేపుతూ ఉండండి. ఎదుటివారు వింతగా చూస్తే చూడనివ్వండి.

ఎఫ్ కార్డ్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టండి. దాని స్థానంలో ఎఫ్ మేజర్ సెవెన్ పట్టవచ్చు: నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ ఒకటో ఫ్రెట్. ఒకటో తీగకు వేలు పెట్టనక్కరలేదు, ఐదు, ఆరు తీగలను మీటకూడదు.

సమాధానం (కూకట్‌పల్లి నుంచి)

పై సలహాతో నాకు కొంత పేచీ ఉంది. తప్పించుకోవడం అలవాటైతే బార్ కార్డ్ ఎన్నటికీ రాదు. నేను మొదటి నెలలోనే పట్టుబట్టి సాధించాను.

సమాధానం (బోడుప్పల్ నుంచి)

మీకు వచ్చినందుకు సంతోషమండీ. అయితే నట్ ఎత్తుగా ఉన్న వాద్యం మీద పట్టుబడితే చెయ్యి చెడుతుంది. బార్‌ను ఒకటో ఫ్రెట్ దగ్గర కాకుండా ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టమనే నేను చెబుతాను. అక్కడ ఫ్రెట్ల మధ్య దూరం తక్కువ, నట్‌కు దూరమైన కొద్దీ తీగ కూడా మెత్తగా లొంగుతుంది. అదే ఎఫ్ ఆకారం ఐదో ఫ్రెట్ మీద పడితే ఏ మేజర్ (A) కార్డ్ అవుతుంది. చూపుడువేలిని బల్లపరుపుగా కాకుండా కొంచెం బొటనవేలి వైపుకు తిప్పి, మెత్తని కండ బదులు అంచు ఎముక తీగలకు ఆనేలా చూడాలి. అక్కడ పలికాక వారానికో ఫ్రెట్ చొప్పున కిందికి దిగి వస్తే, ఎఫ్ దగ్గరికి చేరేసరికి అది కొత్తగా అనిపించదు.

సమాధానం (చిక్కడపల్లి నుంచి, వీణ నేర్చుకుంటున్నవారు)

అమ్మగారి శ్రుతి ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కనుక నేను చెబుతాను. ఐదు శ్రుతి అంటే జీ, ఐదున్నర అంటే జీ షార్ప్. మీరు జీకి చెందిన సులువైన ఆకారాలే నేర్చుకుని, ఒకటో ఫ్రెట్ దగ్గర కాపో బిగిస్తే అది ఐదున్నర శ్రుతి అవుతుంది. ఇందులో బార్ కార్డ్ అవసరం రాదు.

కార్డ్ అంటే మూడు స్వరాలు ఒకేసారి పలకడమే. మేజర్ కార్డ్‌లో షడ్జమం, అంతర గాంధారం, పంచమం ఉంటాయి. మైనర్‌లో అంతర గాంధారం స్థానాన సాధారణ గాంధారం వస్తుంది. మీరు ఈ మైనర్ (Em) పట్టి, చూపుడువేలిని మూడో తీగ ఒకటో ఫ్రెట్ మీద దించి చూడండి. సాధారణ గాంధారం అంతర గాంధారంగా మారడం, మైనర్ మేజర్ కావడం మీ చెవికే వినిపిస్తుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను. ఉంగరపు వేలు రెండో తీగ మూడో ఫ్రెట్ మీద, చిటికెన వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంచి, వాటిని కదపకండి. మధ్యవేలు ఆరో తీగ మూడో ఫ్రెట్, చూపుడువేలు ఐదో తీగ రెండో ఫ్రెట్ పడితే జీ. ఆ రెండు వేళ్లూ ఒక్కో తీగ కిందికి, అంటే ఐదుకూ నాలుగుకూ దిగితే సీ యాడ్ నైన్ (ఆరో తీగ మీటవద్దు). మధ్య, చూపుడువేళ్లతో ఐదు, నాలుగు తీగలను రెండో ఫ్రెట్ దగ్గర పట్టుకుంటే ఈ మైనర్ సెవెన్. ఈ మూడింటిలోనూ కదలని ఆ రెండు వేళ్ల కింద మోగుతున్నవి ఏమిటో చూడండి: ఉంగరపు వేలి కింద పంచమం, చిటికెన వేలి కింద షడ్జమం. అంటే పాట సాగినంతసేపూ మీ గిటార్ పైస్థాయిలో తంబూరా మోగుతూనే ఉంటుంది. అమ్మగారు శ్రుతి తప్పుతానేమోనని జంకవలసిన పని ఉండదు. డీ కార్డ్‌కు మాత్రం చిటికెన వేలు లేపాలి. అప్పుడు కూడా ఉంగరపు వేలు పంచమాన్ని వదలదు.

ఒక జాగ్రత్త. ఆమె పాడేది మోహన రాగంలో ఉంటే, ఆ రాగంలో మధ్యమమూ నిషాదమూ లేవు. సీ యాడ్ నైన్‌లో మధ్యమం ఉంది కనుక దాన్ని మానేయండి. డీ కార్డ్‌లో ఒకటో తీగ మీద కాకలి నిషాదం పలుకుతుంది కనుక ఆ తీగను మీటకుండా మిగిలినవి మీటండి. జీ, ఈ మైనర్ సెవెన్ నిశ్చింతగా వాయించవచ్చు. తోడి వంటి రాగాల జోలికి కార్డ్‌లతో పోకండి. గాంధారం అక్కడ నిలకడగా ఉండదు, కంపిస్తూ ఉంటుంది. కదలని గాంధారంతో మీ కార్డ్ దానికి అడ్డుపడుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు పాశ్చాత్య వాద్యం మీద గమకాలను అద్భుతంగా పలికించారు. ఆయన వాయించింది తీగ మీద రాగాన్ని, కార్డ్‌లను కాదు.

తాళానికి కాలితో ఆదితాళం లెక్కపెట్టుకోండి. ఎనిమిది అక్షరాలలో మొదటి నాలుగింటికి ఒక కార్డ్, తరువాతి నాలుగింటికి మరొకటి, అక్షరానికి ఒక్క కింది మీటు. ఎడమచేయి ఆలస్యమైనా కుడిచేయి ఆగకూడదు.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పనివారు నట్ గాళ్లు సరిచేసి, శాడిల్ కొంత అరగదీసి, పది గేజ్ తీగలు వేసి ఇచ్చారు. సీ కార్డ్ ఇప్పుడు కాపో లేకుండానే పలుకుతోంది. ఏ మైనర్, సీ మధ్య నిన్న నిమిషానికి ముప్ఫై ఒకటి వచ్చింది. రాత్రి కాపో బిగించి జీ, ఈ మైనర్ సెవెన్ మాత్రం మెల్లగా మీటుతుంటే, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అమ్మ నేనేమీ అడగకుండానే “సా” అందుకుంది. మోహనమో కాదో రేపు ఆమెనే అడిగి, మళ్లీ ఇక్కడ రాస్తాను.