2080 సైకిల్ రేసులో మోసం ఎలా చేస్తారు? ఐడియాలు కావాలి

2080లో జరిగే సైకిల్ రేసు మీద హాస్య నాటిక రాస్తున్నాను. అందులోని టెక్నాలజీ నవ్వించాలి, కానీ ఫిజిక్స్ తెలిసినవాళ్లు కొట్టిపారేయకూడదు. అక్కడే మీ సాయం కావాలి.

ఫ్రేములో మోటారు దాచడం పాత కథ. సీటు గొట్టంలో సన్నటి మోటారు, దాని చివర చిన్న పళ్లచక్రం, అది పెడల్ ఇరుసును తిప్పుతుంది. 2016 సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో సాగే సైకిల్ రేసు) ప్రపంచ పోటీల్లోనే బెల్జియం రైడర్ ఫెమ్కె వాన్ డెన్ డ్రీషె కోసం ఉంచిన సైకిల్లో మోటారు దొరికి, ఆమెపై ఆరేళ్ల నిషేధం పడింది. ఇప్పుడు ఎక్స్‌రేలు కూడా తీస్తున్నారు.

చదును రోడ్డు మీద వేగంగా వెళ్లే రైడర్ శక్తిలో సింహభాగం గాలిని నెట్టడానికే పోతుంది. అందుకని నా విలన్ ముందు దోమలంత డ్రోన్ల గుంపు ఎగురుతూ గాలిని చీలుస్తుంది. రిఫరీ నిజం దోమలే అనుకుని మందు కొడతాడు! ఈ సీన్ నాకు ప్రాణం, తీసేయమని మాత్రం అనకండి. అయితే ఆ డ్రోన్ల రెక్కల గాలే రైడర్‌కి ఎదురుకొట్టదా?

రెండోది, సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదన్న అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం (యూసీఐ) నిబంధన. ఫ్రేము గొట్టాల్లో డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) నింపితే తూకంలో సరిపోతుంది, కొండ ఎక్కేసరికి ఆవిరైపోతుంది. గొట్టం మూసేస్తే పేలుతుంది, రంధ్రం పెడితే పొగ కనిపిస్తుంది. పొగ కనపడకుండా వదిలే మార్గం ఉందా? ముగింపు రేఖ దగ్గర మళ్లీ తూచకుండా ఎలా తప్పించుకుంటాడు?

ఇంతకంటే విడ్డూరమైనవి తడితే అవీ చెప్పండి.