15 ఏళ్లకు బాస్కెట్‌బాల్ మొదలుపెడితే ఆలస్యమా?

అన్నలూ, అక్కలూ, చిన్న సాయం. మాది తిరుపతి. మా అక్క కొడుకు ఇన్నాళ్లూ హ్యాండ్‌బాల్ ఆడి, ఇప్పుడు 15 ఏళ్లకు బాస్కెట్‌బాల్ నేర్చుకుంటానంటున్నాడు. ఇప్పుడేందిరా అంటే బాస్కెట్‌బాల్ దిగ్గజం హకీమ్ ఒలాజువాన్ పేరు చెప్పి నా నోరు మూయించాడు. నిజమేలెండి, నైజీరియాలోని లాగోస్‌లో పుట్టిన ఆయన కూడా హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడుతూ 15 ఏళ్లు వచ్చాకే ఈ ఆటలోకి వచ్చాడు, తర్వాత అమెరికా వెళ్లి హ్యూస్టన్ యూనివర్సిటీకి ఆడి, 1984లో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికై, 1994, 1995లో హ్యూస్టన్ రాకెట్స్ జట్టుకు వరసగా రెండు టైటిళ్లు తెచ్చాడు. కాకపోతే ఆయన దాదాపు ఏడడుగులు, మావాడు ఐదున్నర! ఎస్వీ యూనివర్సిటీ దగ్గర్లో సాయంత్రం పూట మొదటి నుంచి ఓపిగ్గా నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఫీజు ఎంతుంటుంది, పదో తరగతి చదువుతో కుదురుతుందా?