అరకు ఘాట్‌కి 1970 ఫియట్: డ్రమ్ బ్రేకులు ఉంచాలా, డిస్కులు వేయించాలా?

గోస్తనీ గట్టు
నాన్నగారి 1970 ఫియట్ 1100 డిలైట్‌ని రెండేళ్లు షెడ్డులో పెట్టించి బాగు చేయించాను. టింకరింగ్, పెయింటింగ్ అయ్యాయి. 1089 సీసీ ఇంజిన్‌కి బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేయించాను. కిందటి నెల విశాఖ నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లాం. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు అనంతగిరి దాటాక పెడల్ మెత్తబడింది. టైడా దగ్గరికి వచ్చేసరికి సగానికి పైగా దిగితే గానీ బ్రేకు పట్టడం లేదు. "ఏదో కాలిన వాసన వస్తోంది" అంది మా ఆవిడ. ఎవరో చెత్త తగలబెడుతున్నారన్నాను. నాకు తెలుసు, అది మన బండే. ఆపి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర చెయ్యి పెట్టలేకపోయాను. చక్రానికి రాయి అడ్డం పెట్టి ముప్పావుగంట కూర్చున్నాం.

బండికి ఉన్నవి డ్రమ్ బ్రేకులు, అంటే తిరిగే డ్రమ్ము లోపల షూలు విచ్చుకుని రాసుకునేవి. ఇప్పుడు మెకానిక్ ముందు చక్రాలకి వాటి బదులు ఏదో కొత్త చిన్న కారు డిస్కులు, అంటే పళ్లేన్ని రెండువైపులా ప్యాడ్లు పట్టేవి, బిగించేస్తానంటున్నాడు. మనసొప్పడం లేదు. అలాగని భయమూ పోవడం లేదు. మీరేమంటారు?

కాలమ్ గేర్
వద్దు. ముందు ఒక్క ప్రశ్న: ఏ గేర్లో దిగారు? మూడులో దిగి ఉంటారని నా అనుమానం. ఏ గేర్లో ఎక్కామో అదే గేర్లో దిగాలని మాకు నేర్పిన డ్రైవర్లు ఈ బండ్లతోనే తిరుమల కొండ దిగారు, నాలుగు డ్రమ్ములతో, పైన క్యారియర్ నిండా సామానుతో. బండికి లేని రోగానికి ఆపరేషన్ ఎందుకు? డిస్కు కోసం స్టబ్ యాక్సిల్ (ముందు చక్రం తిరిగే ఇరుసు ముక్క) కోస్తే మళ్లీ అతకదు. మీ నాన్నగారి బండి అక్కడితో సరి.

ఇంకో మాట. ఈ బండికి ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ (గేరు పళ్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసేది) లేదు. బాగా వాలుగా ఉన్నచోట రెండో గేరు చాలదనిపిస్తే, వాలు మొదలవకముందే ఆపి ఫస్ట్ వేసుకోండి. దిగుతూ వేద్దామనుకుంటే పళ్లు గరగరలాడి న్యూట్రల్లో దొరికిపోతారు. ఒకసారి నాకే అయింది. ఆ పది సెకన్లు ఇప్పటికీ కల్లోకి వస్తాయి.

కొత్తవలస కుర్రాడు
కాలమ్ గేర్ గారూ, ఆ రోజుల్లో ఘాట్ మీద ఇన్ని బండ్లున్నాయా? ఇప్పుడు ఆదివారం అరకు రోడ్డు చూడండి. ముందు టూరిస్టు బస్సు, వెనక అద్దానికి అంటుకుని ఎస్‌యూవీ. మలుపులో బస్సు టక్కున ఆగితే మీ రెండో గేరు ఆపుతుందా? పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి "ఒరిజినల్" అనుకుంటూ దిగడం నావల్ల కాదు. డిస్కు వేయించండి బాబాయ్. పైగా ఇటలీలో 1966లో వచ్చిన 1100ఆర్‌కి ఫియట్ కంపెనీయే ముందు డిస్కులు ఇచ్చింది. మనకి రాలేదంతే. కన్నవాళ్లే వేసినప్పుడు మనకెందుకు పట్టింపు?

షెడ్డు సూరి
1100ఆర్ మాట నిజమే, కుర్రాడికి మార్కులు. కానీ కంపెనీ వేయడం వేరు, మనం వేరే బండి సామాను తెచ్చి బిగించడం వేరు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఇలాంటి బండ్లు రెండు విప్పి మళ్లీ మొదటికి తెచ్చాను. డ్రమ్ బండి మాస్టర్ సిలిండర్లో, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే దాంట్లో, చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. పెడల్ వదిలాక కూడా లైన్లో కొంచెం ప్రెషర్ ఆపుతుంది. దాన్ని తీయకుండా డిస్కు తగిలిస్తే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి, వేడి ఇంకా పెరుగుతుంది. కాలి బలానికి తోడయ్యే బూస్టర్ లేకపోతే పెడల్ బండరాయిలా ఉంటుంది. ముందు వెనకల బ్యాలెన్స్ తప్పితే వాన రోడ్డు మీద బండి తిరిగిపోతుంది.

అసలు గోస్తనీ గారు రాసిందాంట్లోనే జవాబుంది, ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క ఎడమ చక్రమే కాలింది. ఘాట్ దిగి డ్రమ్ములు వేడెక్కితే రెండువైపులా వేడెక్కాలి. ఒకటే కాలిందంటే అక్కడ షూ వెనక్కి రావడం లేదు. డ్రమ్ము వేడికి సాగి షూకి దూరమవుతుంది, అందుకే పెడల్ కిందికి పోతుంది. దాని పక్కనే ఆయిల్ మరుగుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. ఆవిరి బుడగలొస్తే పెడల్ స్పాంజే. డ్రమ్ము విప్పి ఫొటో పెట్టండి, తర్వాత మాట్లాడదాం.

ఆర్సీ కార్డు
కాగితాల సంగతి కూడా చూసుకోండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పు చేయని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబర్లో 'వీఏ' అక్షరాలతో. ఫీజు 20,000, పదేళ్లకి. బ్రేకుల పేరు అందులో లేదు గానీ, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఎలాగూ ఉంది. ఇంకో చిక్కు: వీఏ నంబరు బండిని రోజువారీ అవసరాలకి తిప్పకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, రిపేరుకి, పెట్రోలుకి అయితే సరే. ఇంటిల్లిపాదీ అరకు వెళ్లడం వీటిలో దేని కిందికి వస్తుందో మీరే చెప్పండి. ఘాట్లు తిరగాలనుకుంటే పాత నంబరే ఉంచుకుని, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించుకోవడం మేలు.

కాలమ్ గేర్
చూశారా, చట్టం కూడా నావైపే.

కొత్తవలస కుర్రాడు
చట్టం మీవైపు కాదు సార్, షెడ్డువైపు. అసలు రోడ్డెక్కొద్దంటోంది.

గోస్తనీ గట్టు
నిన్న విప్పాం. సూరి గారూ, మీకు దండం. ఎడమ వీల్ సిలిండర్లో (చక్రం దగ్గర షూలని నెట్టేది) ఒక పిస్టన్ తుప్పు పట్టి కదలడం లేదు. షూ మీది లైనింగ్ గోరు జారేంత నున్నగా, అద్దంలా మెరుస్తోంది. గిన్నెలోకి వంచితే ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. ఇంజిన్‌కి అంత ఖర్చు పెట్టించిన మెకానిక్ బ్రేకుల జోలికే వెళ్లలేదట. "పెడల్ బానే ఉంది కదా సార్" అన్నాడు. కాలమ్ గేర్ గారూ, మీ అనుమానమూ నిజమే. మూడులోనే దిగాను.

షెడ్డు సూరి
నాలుగు చక్రాలకీ సిలిండర్లు, రబ్బరు హోసులు మార్చేయండి, ఒక్కదానితో ఆగొద్దు. డాట్ 4 పోసి, ఏటా మార్చండి. ఇంజిన్‌కి పెట్రోలు లాగే పంపులోని రబ్బరు పొర (డయాఫ్రమ్), పెట్రోల్ హోసులు కూడా చూడండి, ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు ఆగదు. సామాను దొరక్కపోతే ముంబయిలో అడగండి. 2023 అక్టోబరులో అక్కడ పద్మిని (మన ఫియట్‌కే తర్వాత పెట్టిన పేరు) ట్యాక్సీలు ఆగిపోయాయి, వాటి సామాను ఇంకా అక్కడక్కడా దొరుకుతోంది.

ఒక్క మార్పు మాత్రం చేయమంటాను. మీది ఒకే లైను బండి. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ముందుకి వేరు, వెనక్కి వేరు ఉండే టాండెమ్ మాస్టర్ సిలిండర్ వేయించండి. బయటికి కనిపించదు, ఏదీ కోయక్కర్లేదు.

కాలమ్ గేర్
టాండెమ్‌కి నేను అడ్డు చెప్పను. పాతది మాత్రం పారేయకుండా గ్రీజు రాసి డబ్బాలో దాచండి.

కొత్తవలస కుర్రాడు
మీరంతా ఒక్కటైపోయారు గానీ, నా ఓటు ఇప్పటికీ డిస్కుకే. గోస్తనీ బాబాయ్, ఈసారి వెళ్లేటప్పుడు చెప్పండి. మీ వెనకే నా బండిలో వస్తా, కాస్త దూరంగా.